సెకొండి వేరు, తకొరాడి వేరు

నేను ఒక్కసారి కూడా కాలు పెట్టని ఊరు ఒకటుంది. అయినా అక్కడ రైల్వే స్టేషన్లో దిగితే చేపల రేవుకి ఎటు తిరిగి నడవాలో, దారిలో ఎక్కడ ఎత్తు ఎక్కాలో, ఎక్కడ సముద్రపు గాలి మొహానికి కొడుతుందో ఇప్పటికీ చెప్పగలను. ఆ ఊరు పశ్చిమ ఆఫ్రికాలో, ఘానా తీరం మీద ఉంది. పటాల్లో సెకొండి-తకొరాడి అని రాసి మధ్యలో చిన్న గీత పెడతారు. ఆ గీత ఎంత పెద్దదో నాకు నేర్పినవాడు మాట పోయిన మనిషి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్లకి మళ్లీ మాట రప్పించడం మన పని. నా తరం వాళ్లు గెలిచిన కేసులు మీకు శిక్షణలో చెప్పే ఉంటారు. ఇది నేను తప్పు చేసిన కేసు. తర్వాత దిద్దుకున్నాను గాని, అందులో నా తెలివి కన్నా ఇతరుల ఓపికే ఎక్కువ.

మా తాత ఎస్టేట్ కిరాణీ, అంటే రబ్బరు తోటలో కూలీల హాజరు రాసే గుమాస్తా. నేను మలేసియాలో, కౌలాలంపూర్‌ బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో పెరిగాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్లో మలయ్, ఉద్యోగంలో ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య పెరిగిన దాన్ని కాబట్టి మనుషులకి వాళ్ల మాటల్లోనే పరీక్ష పెట్టాలని అందరికన్నా ముందు నాకే తెలుసని అనుకునేదాన్ని. నేను కౌలాలంపూర్‌లో ఆస్పత్రి ఉద్యోగంలో చేరినప్పుడు మా గదిలో ఉన్న బొమ్మల కార్డులు విదేశాల నుంచి వచ్చినవి. మంచుతో చేసిన మనిషి, చలిమంట గూడు, మేమెవరం ఎరగని పళ్లు. ఒక ముసలాయన మంచు మనిషిని చూసి దెయ్యం అన్నాడు. పరీక్ష ప్రకారం అది తప్పు. నాకు ఒళ్లు మండి, పై అధికారుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగి, కొత్త కార్డులు గీయించాను. రంబుటాన్ పండు, నెలవంక తోక ఉండే మన గాలిపటం, కొబ్బరాకు పొట్లంలో ఉడికించే కెటుపట్ అన్నం, రబ్బరు పాలు పట్టే చిప్ప. ఉద్యోగం మొత్తంలో నేను గర్వంగా చెప్పుకునే పని అదొక్కటే. నా తప్పు అక్కడినుంచే మొదలైంది.

నాకు ఆ ఊరు నేర్పినాయన డెబ్బై దాటిన మనిషి. బాగా పొడుగు, కుర్చీలో కూర్చున్నా నిలబడ్డట్టే ఉండేవాడు. ఘానాలో రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కూతురు ఇక్కడ ఒక కాలేజీలో ఇంజనీరింగు పాఠాలు చెబుతుంది. ఆమెను చూసిపోదామని వచ్చి, రెండో వారంలో స్నానాల గదిలో పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పొద్దున పోయాయి.

నేను బల్ల మీద నా కార్డులు పరిచాను. ఇక్కడ పెద్దవాళ్లెవరినైనా అంకుల్ అనడం అలవాటు కదా, "అంకుల్, రంబుటాన్ చూపించండి," అన్నాను ఇంగ్లీషులో. ఆయన కార్డుల వైపు చూశాడు, నా వైపు చూశాడు, చెయ్యి కదపలేదు. "గాలిపటం?" మళ్లీ అంతే. "కెటుపట్?" అనేసరికి మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. ఆ తర్వాత కుర్చీ అడిగాను, నీళ్లు అడిగాను, చెప్పులు అడిగాను. ఇటు చూడనే లేదు. నేను సున్నా తర్వాత సున్నా వేసుకుంటూ పోయాను.

రిపోర్టులో ఇలా రాశాను: చెప్పినది అర్థం చేసుకునే శక్తి తీవ్రంగా దెబ్బతింది. సొంతంగా నిర్ణయాలు తీసుకునే స్థితిలో లేరు. ఆ రెండో వాక్యం నన్నెవరూ అడగలేదు. పేజీలో చోటు మిగిలింది, రాశాను.

మా విభాగంలో చక్రాల కుర్చీలు తోసే అటెండెంటు ఒకాయన ఉండేవాడు. సుంగై సిపుట్ ఊరి దగ్గర రబ్బరు తోటలో పుట్టినవాడు, తాతముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. నాకన్నా పెద్దవాడు కాబట్టి నేను అన్నా అనేదాన్ని, నా చదువుకి మర్యాదిచ్చి ఆయన అమ్మా అనేవాడు. ఆస్పత్రి మొత్తం మీద నేను తెలుగు మాట్లాడేది ఆయనతోనే. మూడు రోజుల తర్వాత కాంటీన్లో నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ డ్రైవరు పెద్దాయనకి ఏటి రాసినారమ్మా?"

"ఏటి రాస్తానన్నా? సెప్పింది తెలవడం నేదని రాసినాను."

"తప్పు లా." మాట చివర ఆ లా ఇక్కడ అందరికీ అలవాటే. "ఆయనకి బాగా తెలస్తన్నాది."

"నీకెలాగ తెలిసినాది?"

"ఆ గది కిటికీలోంచి రైలు పట్టాలు కనపడతాయి గదా. బండి ఎల్లినప్పుడల్లా సెయ్యి తిప్పి గడియారం సూస్తన్నాడు. ఒక బండికి తలూపుతాడు, ఇంకో బండికి మొహం సిట్లిస్తాడు. మూడ్రోజులబట్టి సూస్తన్నాను. బుర్ర పోయినోడు టైం సూస్తాడేటి?"

మర్నాడు పొద్దున తలుపు పక్కన నిలబడి చూశాను. రైలు వెళ్లింది. ఆయన ఎడమ మణికట్టు మెల్లగా పైకి లేచింది. గడియారం చూసి, పెదవి విరిచి, చెయ్యి మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు. తన కింద పనిచేసే డ్రైవరు ఆలస్యం చేస్తే పెద్ద డ్రైవరు ఎలా మొహం పెడతాడో అచ్చం అలాగే. రంబుటాన్ ఎరగని మనిషిని రంబుటాన్ చూపించమన్నానని అప్పుడు వెలిగింది. ఆయన ఊళ్లో కెటుపట్ ఎక్కడుంది? మూడు తెలియని బొమ్మలు వరసగా పెట్టి, పసివాడితో మాట్లాడినట్టు మాట్లాడితే, నాలుగోదానికి ఎవరైనా మొహం తిప్పుకుంటారు.

రిపోర్టు వెంటనే మార్చానని చెప్పాలనుంది. మార్చలేదు. ఇంకా రుజువు కావాలని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి మార్చాలంటే నా కార్డుల సంగతి కూడా రాయాలి.

ఆయన ఊరు గురించి చెప్పమని కూతుర్ని అడిగాను. ఆమె చిన్నబుచ్చుకుంది.

"నేను బోర్డింగు స్కూల్లో చదువుకున్నానండీ. తర్వాత రాజధానిలో, ఆ తర్వాత ఇక్కడ. సొంతూరు నాకు సెలవుల్లో తెలిసినంతే. నాన్నకి తెలిసినంత తెలిసింది మా అత్త ఒక్కదానికే."

ఆ అత్త, అంటే ఆయన చెల్లెలు, ఇప్పటికీ ఆ ఊళ్లోనే పాత ఇంట్లో ఉంటుంది. బళ్లో టీచరుగా చేసి మానేసింది. కూతురు ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. ఆమెకి గుర్తున్న ఆ ఇంటి పక్క కాలవ గురించే ముందు అడిగాను. ఆవిడ గొంతుకి ఫోను చాలలేదు, గదంతా నిండింది.

"మీరు మలేసియా డాక్టరా? మీకు మా ఇంటి పక్క మురిక్కాలవ సంగతి ఎందుకు?"

"నేను డాక్టర్ని కానండీ. ఆ కాలవ మాట ఎత్తితే మీ అన్నయ్య ఏమైనా అంటారేమోనని."

ఆ మాటతో ఆవిడ గొంతు తగ్గించి, "కాగితం ఉందా? రాసుకోండి," అంది.

అలా మొదలైంది. మాకు మధ్యాహ్నం అయ్యేసరికి వాళ్లకి తెల్లవారుతుంది. రోజూ ఆ వేళకి ఆవిడ మాటలు రికార్డు చేసి పంపేది. వెనక కోడి కూతలు, చీపురు చప్పుడు. ఆవిడ చెప్పినదాంట్లో సగం చరిత్ర, సగం పొరుగువాళ్ల మీద ఫిర్యాదు. రెండూ విడదీయడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

ఆవిడ చెప్పిన ఊరు ఇది. సెకొండి పాతది. ఒక చిన్న అఖాతం ఒడ్డున, కొండ ఎక్కుతూ ఉంటుంది. ఒకప్పుడు డచ్చివాళ్లొక కోట, ఇంగ్లీషువాళ్లొక కోట ఆ ఒక్క ఊళ్లోనే కట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. డచ్చివాళ్ల కోట ఇప్పుడు ఓడలకి దారి చూపించే దీపస్తంభం. లోపల అడవుల్లో బంగారు గనులున్నాయి. ఆ బంగారం కోసం ఇంగ్లీషువాళ్లు రైలు వేశారు. దాని మొదటి పట్టా పడింది సెకొండి ఒడ్డున. దాంతో ఊరు ఒక్కసారి పైకి లేచింది. వసారాల మేడలు, కంపెనీల ఆఫీసులు, రైల్వే పనివాళ్ల వాడలు. ఆయన తండ్రి ఇంజనుకి బొగ్గు వేసేవాడు, ఆయన ఇంజను నడిపాడు.

అయితే సెకొండి దగ్గర నీళ్లు లోతు లేవు. ఓడలు దూరంగా నిలబడేవి, సరుకంతా పడవల్లో మొయ్యాలి. కొన్నేళ్లకి పడమటి పక్కన, బస్సులో అరగంట దూరం కూడా లేని తకొరాడిలో లోతైన రేవు కట్టారు. ఓడలు అటు వెళ్లాయి. ఓడల వెనక కంపెనీలు, వాటి వెనక మేడల యజమానులు వెళ్లారు. సెకొండి గోడల మీద మొక్కలు మొలిచాయి. తర్వాత రెండు ఊళ్లనీ కలిపి ఒకే పట్టణం చేసి, రెండు పేర్ల మధ్య గీత పెట్టారు. ఇప్పుడు తకొరాడిలో గుండ్రటి పెద్ద బజారు ఉంది. సముద్రంలో చమురు దొరికాక హోటళ్లు వచ్చాయి. సెకొండిలో చేపల రేవు, పాత సర్కారు కచేరీలు, పాత మనుషులు మిగిలారు.

"అన్నీ పట్టుకుపోయారు," అంది ఆవిడ ఒక రోజు. "మా కోటని మాత్రం ఎత్తుకుపోలేకపోయారు. బరువెక్కువ."

నేను ముందు టాబ్లెట్లో ఫొటోలు చూపించాను. దొరికినవన్నీ తకొరాడివే, పైనుంచి తీసిన ఆ గుండ్రటి బజారు. ఆయన కళ్లు మూసుకున్నాడు. సరే, చేత్తో పటం గీద్దామని పెద్ద కాగితం తెచ్చాను. మా సెలంగోర్ రాష్ట్రానికి సముద్రం పడమర కదా, చెయ్యి అలవాటు కొద్దీ కాగితానికి ఎడమ పక్కన సముద్రం గీసేసింది. ఒడ్డు వెంట పైన తకొరాడి, కింద సెకొండి అనుకుని, పేర్లు రాయకుండా రెండు చుక్కలు పెట్టి, కాగితం ఆయన ముందుకి తోశాను.

ఆయన చాలాసేపు చూశాడు. కిటికీ వైపు తిరగలేదు, అది నాకు కొత్త. తర్వాత ఎడమ అరచెయ్యి కాగితం మీద ఆనించి, మెల్లగా తిప్పాడు. పావు చుట్టు తిరిగి ఆగింది. సముద్రం ఆయన ఛాతీ వైపుకి వచ్చింది. ఆ తీరం దక్షిణానికి చూస్తుందని ఆవిడ రెండుసార్లు చెప్పినా నా బుర్రకెక్కలేదు. కాగితం తిరిగాక ఏ చుక్క ఏదో నాకు తికమకపడి, ఒక దాని మీద వేలు పెట్టాను.

"మొదటి రైలు ఇక్కడినుంచే కదా బయల్దేరింది? సెకొండి?"

"దాబి," అన్నాడాయన.

ఆయన నోటినుంచి నేను విన్న మొదటి మాట. వాళ్ల భాషలో దానికి కాదు అని అర్థం. ఆయన పెదాలు కొట్టుకుంటున్నాయి. మెడ నరాలు ఉబ్బాయి. వేలు తీసుకెళ్లి రెండో చుక్క మీద పెట్టాడు.

"సె... సె... సెకొండి." కాసేపు ఆగి, ఇంగ్లీషులో, "ఫస్ట్," అన్నాడు.

"మాటాడినాడమ్మా!" అని కుర్చీ వెనక నిలబడ్డ అటెండెంటు అన్న అరిచాడు. ఆ సంబరంలో కుర్చీ బ్రేకు మీద కాలు పడి అది వదులైపోయింది. పెద్దాయన కుర్చీతో సహా గోడ వైపు జారిపోతుంటే ఇద్దరం చెరో పక్క పట్టుకుని ఆపాం. నేను భయంతో క్షమించమంటుంటే ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. వంకరగా, ఒక పక్కే వచ్చే నవ్వు. నేను ఆ తర్వాత చాలా నవ్వులు చూశాను గాని అంత పెద్దమనిషి నవ్వు చూడలేదు.

అప్పట్నుంచి రోజూ ఆ ఊళ్లో నడిచేవాళ్లం. వేలితో ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టి, మెట్లు దిగి, కాలవ దాటి, చేపలు ఎండబెట్టే స్థలం పక్కనుంచి స్టేషనుకి. ప్రతి మలుపు దగ్గరా నేను ఆగేదాన్ని, ఆయన తర్వాతి మాట వెతుక్కునేవాడు. మెట్లు. కాలవ. వల. పొగ. ఒక్కో మాటకి ఒక్కోసారి పది నిమిషాలు పట్టేది. నేను తప్పుగా తిరిగితే మాత్రం దాబి వెంటనే వచ్చేది.

స్టేషన్ల పేర్లయితే ఇంకో వింత. అంకెలు, వారాల పేర్లలాగా వరసగా కంఠతా వచ్చినవి మెదడు దెబ్బతిన్నా మిగులుతాయని మీరు చదువుకునే ఉంటారు. నేను కొజొక్రోమ్ అని అందించానంటే చాలు, ఆయన మాన్సో, తార్క్వా, హూనీ వ్యాలీ, డుంక్వా, ఒబువాసి, బెక్వై అంటూ ఎక్కడా తడబడకుండా కుమాసి దాకా వెళ్లిపోయేవాడు. అక్కడ ఆగి, నీళ్లు తాగి, తిరుగు ప్రయాణం మొదలుపెట్టేవాడు. అన్నకి కూడా అవి నోటికొచ్చేశాయి. "పెద్దాయన్ని తార్క్వా కాడ ఆపినానమ్మా, ఎక్సరే అయ్యాక ఒబువాసి తీసకెళ్తాను," అనేవాడు. తార్క్వా అంటే మా లిఫ్టు, ఒబువాసి అంటే వ్యాయామాల గది. నర్సులు కూడా అలాగే అనడం మొదలుపెట్టారు.

ఇంత జరుగుతున్నా ఫైల్లో నా పాత రిపోర్టు అలాగే ఉంది. రేపు మారుద్దాం, ఎల్లుండి మారుద్దాం అనుకుంటూ ఉండగానే ఆ సమావేశం వచ్చింది.

ఆయన్ని డిశ్చార్జి చేసి ఎక్కడికి పంపాలో తేల్చడానికి కూర్చున్నాం. మా విభాగం పెద్ద డాక్టరు చైనీస్ ఆయన, మంచివాడు, ఎప్పుడూ తొందరలో ఉండేవాడు. కూతురు తండ్రి పక్కన కూర్చుంది. తకొరాడిలో ఉన్న కొడుకు వీడియోలో వచ్చాడు. రేవులో ఉద్యోగం చేస్తాడు, కొత్త ఇల్లు కట్టుకున్నాడు. నాన్న కోసం కింది అంతస్తులో గది సిద్ధం చేశానని, గుమ్మానికి మెట్లు లేకుండా వాలుగా దారి పోయించానని ఫోను తిప్పి అంతా చూపించాడు. మంచి కొడుకు. ఆ గదికి వేసిన రంగు ఇంకా ఆరినట్టు లేదు.

డాక్టరు ఫైలు మూస్తూ, "చాలా బాగుంది లా," అన్నాడు. తర్వాత పెద్దాయన వైపు వంగి గట్టిగా, "అంకుల్, ఇంటికి వెళ్తున్నారు! సెకొండి-తకొరాడి!" అన్నాడు.

పెద్దాయన ఎడమ చేత్తో బల్ల మీద కొట్టాడు. నీళ్ల గ్లాసు ఎగిరింది.

"నో."

కొడుకు మొహం తెరమీద చిన్నబోయింది. కూతురు కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. "ఇక్కడే ఉంటానంటున్నాడు," అంది. "నా దగ్గర ఉంటానంటున్నాడు."

డాక్టరు ఫైలు మళ్లీ తెరిచాడు. "అంత అర్థం తీసుకోవచ్చా అని. స్పీచ్ రిపోర్టు ప్రకారం ఈయన నిర్ణయం చెప్పే స్థితిలో లేరు. కాబట్టి పిల్లలు మీరిద్దరూ అనుకుని చెప్పండి."

నా వాక్యం. చోటు మిగిలిందని రాసిన వాక్యం. డాక్టరు ఇంగ్లీషులో చదివిన ఆ ముక్క పెద్దాయన విన్నాడు. అర్థమైంది కూడా. నా వైపు తిరిగి చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. నేనేం చేస్తానా అని చూశాడు.

"ఆ రిపోర్టు తప్పు," అన్నాను. "రాసింది నేనే. ఈయన ఎరగని బొమ్మలు పెట్టి పరీక్ష చేశాను. ఈయనకి అన్నీ అర్థమవుతాయి. ఆరు వారాలుగా నాకు తెలుసు. మార్చలేదు."

డాక్టరు కళ్లజోడు తీశాడు. నేను ఇంక ఆయన్ని చూడకుండా, నోటు పుస్తకంలోంచి తెల్ల కాగితం చింపి, పెన్సిలుతో పాటు పెద్దాయన ముందు పెట్టాను. "ఎక్కడికి వెళ్లాలో గీసి చెప్పండి."

ఎడమ చేత్తో పెన్సిలు అందుకున్నాడు. ముందు కాగితం అడుగున పొడుగ్గా సముద్రం గీశాడు. ఒడ్డు మీద రెండు చుక్కలు. ఎడమ చుక్క మీద పెన్సిలు పెట్టి, ఫోనులో ఉన్న కొడుకుని చూపించి, తల అడ్డంగా ఊపాడు. కుడి చుక్క దగ్గర మెట్లు గీశాడు. ఒకటి, రెండు, మూడు, చాలా మెట్లు.

"సెకొండి," అన్నాడు. "మై... హౌస్. సిస్టర్."

"నాన్నా, ఆ మెట్లు ఎక్కలేవు!" అన్నాడు కొడుకు. "అందుకే కదా నేను..."

"స్టెప్స్. యెస్." ఊపిరి తీసుకున్నాడు. "సీ."

సముద్రం. పాత ఇంటి మెట్ల మీంచి అది కనపడుతుంది. కొడుకు ఇల్లు ఊరి లోపల ఉంది, అక్కడికి కనపడదు. ఆ సంగతి ఆ గదిలో ఆయన తర్వాత నాకొక్కదానికే తెలుసు, అదీ చెల్లెలి ఫిర్యాదుల పుణ్యమా అని. డాక్టరుకి రెండు ఊళ్ల కథ రెండు ముక్కల్లో చెప్పాను. కొడుకు తల దించుకుని విన్నాడు. చివరికి, "మెట్ల పక్కన పట్టుకోవడానికి ఇనప కమ్మీ వేయిస్తాను," అన్నాడు. "అత్తతో నేను మాట్లాడతాను. ఆవిడతో మాట్లాడ్డమే కష్టం."

పెద్దాయన ఆ మాటకి ఒక పక్కగా నవ్వాడు.

సమావేశం అయ్యాక వరండాలో కూతురు కిటికీ పట్టుకుని నిలబడి ఉంది. పక్కకి వెళ్లాను.

"మూడిళ్లు ఉన్నాయి ఆయనకి," అంది. "నేను లేని ఇల్లు ఎంచుకున్నాడు."

"మీరు లేకపోతే ఆ కాగితం గీసేదాకా వచ్చేవారు కాదు," అన్నాను. అది నిజమే గాని ఆమెకి కావలసింది అది కాదు. ఆమే కళ్లు తుడుచుకుని, "ఆ కాలవ పేరేమిటి? అత్త మీకు చెప్పిందటగా. నాకు తెలియదు," అంది. చెప్పాను. రెండుసార్లు పలికి నేర్చుకుంది. తండ్రిని దింపడానికి తను కూడా వెళ్లి, నెల రోజులు ఆ ఇంట్లో ఉండి వచ్చింది.

డాక్టరు ఆ రోజు సాయంత్రం నన్ను పిలిచి, "ఆరు వారాలా?" అని ఒక్కటే అడిగాడు. నేను తల ఊపాను. కొత్త రిపోర్టు తన ముందే కూర్చుని రాయమన్నాడు. రాసేదాకా ఎక్కడికీ వెళ్లలేదు, ఆయనకి అది అలవాటు లేని పని.

పెద్దాయన ఊరు చేరాక కొన్ని నెలలు వీడియోలో పాఠాలు చెప్పాను. త్వరలోనే నా అవసరం తీరిపోయింది. చెల్లెలు నాకన్నా కఠినమైన టీచరు. చేప పేరు చెప్పేదాకా ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న ముద్ద పళ్లెంలో పెట్టేది కాదట. ఆయన చెల్లెల్ని తిట్టడం నేర్చుకున్నాడని, అది పూర్తి వాక్యాల్లో ఉందని ఆవిడే గర్వంగా చెప్పింది.

ఆయన వెళ్లినా నా మనసు కుదుటపడలేదు. ఆయనకి ముందు ఎంతమందికి సున్నాలు వేసి పంపానో అన్న ఆలోచన వదల్లేదు. రిటైరవడానికి ముందు ఏడాది పాత ఫైళ్లు అడిగి తెప్పించుకున్నాను. వాటిలో బటాంగ్ బెర్జుంటై తోటలో పనిచేసిన ఒక ముసలావిడది ఉంది. ఇంటిపేరు చూస్తే తెలుగు. నేను ఆవిడకి మలయ్‌లో పరీక్ష పెట్టాను, తమిళంలో పెట్టాను. ఒక్క మాటా లేదు అని రాశాను. తెలుగులో ఎందుకు అడగలేదో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రాదు. తెల్ల కోటు వేసుకుంటే తెలుగు ఇంట్లో వదిలేసి రావడం నాకు అలవాటైపోయిందేమో.

అన్నని తోడు తీసుకుని ఆదివారం నాడు వెళ్లాను. రబ్బరు పోయి అంతా పామాయిలు చెట్లే. ఆ ఇల్లు దొరికింది. ముసలావిడ పోయి రెండేళ్లయిందట. కోడలు గుమ్మంలో కుర్చీలు వేసి కూర్చోబెట్టి, టీ ఇచ్చింది. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను. క్షమించమని అడగడానికి మాటలు కూడబలుక్కుంటుంటే కోడలే అందుకుంది.

"ఆస్పత్రిలోనే మాటాడనేదమ్మా. ఇంటికొచ్చినాక కొంచెం కొంచెంగా ఒచ్చినాది. పోయేదాకా మాటాడతానే ఉన్నాది లా."

"ఏటి మాటాడీవోరు?" అన్నాను.

"ఏటుంటాది? కోళ్లకి గింజలేసినారా, ఒర్సం ఒస్తాది బట్టలు తియ్యండి, నా కొడుకు ఇంకా రానేదేటి... అయ్యే. కాయగూరలోడు ఒస్తే మాత్రం ఒకటే నవ్వు."

"ఎందుకు?"

ఆవిడ ఎందుకో చెప్పడం మొదలుపెట్టింది. నేను సంచిలోంచి పుస్తకం తీసి రాసుకున్నాను. కోళ్లు, గింజలు, వర్షం, బట్టలు, కొడుకు, కాయగూరలు. అన్న మధ్యలో అడ్డం వచ్చి, మా అమ్మ కూడా అలాగే అనీది అని తన మాటలు కలిపాడు. టీ చల్లారిపోయింది. వేరే పెడతానుండండి అని ఆవిడ లేచి, లోపల పొయ్యి వెలిగిస్తూ కూడా అక్కడినుంచే గట్టిగా అత్తగారి మాటలు చెబుతూనే ఉంది.